అరువు నిద్ర

నమోదు 1. మంచు దట్టంగా ఉంది.

పొద్దున్నే పెరట్లో రాత్రి మంచుకు తడిసిన మంచువల పిండాను. రెండు బిందెలు నిండాయి. కింద మైదానంలో ఎండలు భరించలేక జనం ఈ మబ్బుకొండ ఎక్కినప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఇదే మొదటి పని. వల పిండకపోతే ఆ పూట కాఫీకి నీళ్ళుండవు. రెండో బిందె ఎత్తుతుంటే విశ్వవిద్యాలయం నుంచి కబురు వచ్చింది. ఎథిక్స్ కమిటీ నా దరఖాస్తును మళ్ళీ తిప్పి పంపింది. ఇది మూడోసారి.

నేను అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. జోలపట్టీ వచ్చాక ఒకరి నిద్ర మరొకరికి ఇవ్వడం మా ఊళ్ళో పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినంత మామూలైపోయింది. ఒకరు నుదుటికి పట్టీ కట్టుకుని పడుకుంటారు. ఇంకొకరు జత పట్టీ కట్టుకుని మెలకువగానే తమ పని చేసుకుంటారు. పడుకున్నవాళ్ళ విశ్రాంతి వీళ్ళ ఒంటికి పడుతుంది. పడుకున్నవాళ్ళు లేచాక తమ కోసం వేరుగా మళ్ళీ పడుకోవాలి. పరీక్షలప్పుడు బిడ్డ కోసం తల్లి పడుకుంటుంది. తీగ మీద కొండెక్కే తీగబండి నడిపే అన్న కోసం తమ్ముడు పడుకుంటాడు. నిద్ర పుచ్చుకున్నవాళ్ళ మీద పరిశోధనలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ఇచ్చినవాళ్ళకి ఏమవుతుందని ఎవరూ అడగలేదు. నేను అడుగుతానన్నాను.

కమిటీ జవాబు ప్రతిసారీ ఒకటే. దాతలకు హాని జరుగుతోందని ఆధారం లేనప్పుడు వాళ్ళను పరీక్షలతో కలవరపెట్టడం తగదట. ఆధారం కోసమే కదా పరిశోధన అంటే, ముందు ఆధారం పట్టుకురమ్మంటారు.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంటులో జున్ను పంచారు. ఆమని దరఖాస్తుకు మొదటిసారికే అనుమతి వచ్చిందట. ఆమని నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు నా పక్కగదిలోనే పాఠాలు చెబుతోంది. నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇదంతా మీరు నేర్పిందే మేడం" అంటూ పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది. చాలా సంతోషం అన్నాను. తలుపు వేసుకుని ఆ ముక్కను చెత్తబుట్టలో పడేశాను. జున్ను పారేసినందుకు కాసేపటికి బాధ వేసింది. మిగతా దాని గురించి వేయలేదు.

నమోదు 2. మంచు పలచన. ఒక్క బిందె.

ఆమని పరిశోధన బాలింతల మీద. పురిటి వార్డులో తల్లులకు ఇంటివాళ్ళెవరో ఒకరు పగలంతా నిద్ర ఇస్తారు. తల్లి తాజాగా ఉండి బిడ్డను చూసుకుంటుంది. ఇంతకంటే ముద్దొచ్చే దరఖాస్తు ఉంటుందా? కమిటీలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడని చెప్పుకుంటున్నారు. నా దరఖాస్తు చదివి ఆయన ఆవలించి ఉంటాడు.

క్యాంటీన్‌లో ఎవరి నోట విన్నా ఆమని మాటే. నేను ఉప్మా తింటూ నవ్వుతూ తలూపుతూ కూర్చున్నాను. దవడలు నొప్పిపుట్టాయి.

ఆ తర్వాత నరహరి గారు పిలిచారు. ఆయన కమిటీ కార్యదర్శి. ఎప్పుడు చూసినా వేడి టీ గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుని ఉంటారు, తాగగా నేను చూడలేదు.

"అనుమతి పొందిన ప్రతి పరిశోధనకీ ఒక పర్యవేక్షకులు ఉండాలి కదా. ఆమని గారి దానికి మిమ్మల్ని అనుకున్నాం" అన్నారు.

"ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు" అన్నారు.

నిజానికి నేను కాదనాలి. సరేనన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఒక్క తప్పు, ఒకే ఒక్క తప్పు దొరక్కపోతుందా అని.

నమోదు 3. మంచు దట్టంగా ఉంది.

వార్డుకు వెళ్ళాను. కొండ అంచున పాత ఆసుపత్రి. ఒక గదిలో తల్లులు, బిడ్డలు. మధ్యలో పలుచటి చెక్కగోడ. అవతలి గదిలో మంచాల మీద దాతలు పట్టీలు కట్టుకుని పడుకుని ఉన్నారు. ఎక్కువమంది అమ్మమ్మలు, మేనత్తలు. కిటికీకి నల్ల తెరలు వేసి పట్టపగలు చీకటి చేశారు.

కిటికీ పక్క మంచంలో మాత్రం ఇరవై నిండని అమ్మాయి. పేరు పైడమ్మ. తీగబండి స్టేషన్లో టికెట్లు కోస్తుంది, సెలవు పెట్టి వచ్చింది. తన అప్ప నూకరత్నానికి నిద్ర ఇస్తోంది. నూకరత్నానికి తొలి కాన్పు, ఆడపిల్ల. వాళ్ళకు తల్లి లేదు. భర్త కింద ఉప్పుమళ్ళలో పనికి వెళ్ళాడు. ఉన్నది ఈ చెల్లెలే.

నేను అన్నీ వెతికాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయా, పట్టీలు బిగుతుగా లేవు కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని దాతలకు తెలుసా అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరికీ తెలుసు. ఆమని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాళ్ళ యాసలోనే రెండేసిసార్లు చెప్పిందట. ఆమె గదిలోకి రాగానే ముసలమ్మలు పక్కకు జరిగి చోటిచ్చారు. నాకు కుర్చీ వేశారు.

తప్పులు వెతకడానికి వెళ్ళి అన్నీ సవ్యంగా ఉండటం చూసి రావడమంత నీరసం ఇంకోటి లేదు.

నమోదు 4. మంచు లేదు. నిన్నటి నీళ్ళతో సరిపెట్టాను.

వారంగా రోజూ వెళ్తున్నాను. పర్యవేక్షకులు ఇంత తరచుగా రావడం ఎప్పుడూ చూడలేదని నర్సు అంది. ఆమని మాత్రం, "మీరు వస్తుంటే నాకు ధైర్యంగా ఉంది మేడం" అంది. ఆ మాట నిజాయితీగానే అంది. అదే నాకు మింగుడు పడలేదు.

ఇవాళ నూకరత్నం డీలాపడి ఉంది. నిద్రలేమి ఏమీ లేదు, కళ్ళు తేటగానే ఉన్నాయి. కానీ పాలు చాలడం లేదు. బిడ్డ రొమ్ము పట్టుకుని కాసేపు లాగి, వదిలేసి ఏడుస్తోంది. డబ్బా పాలు పడుతున్నారు. తొలి కాన్పులో ఇది మామూలేనని నర్సు కొట్టిపారేసింది.

దాతలు లేచే వేళయింది. చెక్కగోడ తలుపు తీసుకుని పైడమ్మ వచ్చింది. ఆమె గొంతు వినగానే బిడ్డ ఏడుపు ఆపి అటు తల తిప్పింది. పైడమ్మ ఎత్తుకుంది. బిడ్డ ఆమె మెడవంపులో ముఖం దాచుకుంది.

"సూసారా మేడం, గుంట పేణమంతా పిన్ని కాడే ఉంది" అని నూకరత్నం నవ్వింది. మూతి నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. ఆ నవ్వు నేను గుర్తుపట్టాను. డిపార్ట్‌మెంటులో ఈ మధ్య నేను నవ్వుతున్నది అదే.

నమోదు 5. మంచు పలచన.

ఎండ కాస్తున్నా పైడమ్మ మందపాటి శాలువా కప్పుకుని తిరుగుతోంది. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నన్ను ఆపింది.

"మేడమ్మా, మీరు డాట్రేనా?"

"నిద్ర డాక్టర్ని."

"ఆడోల్ల జబ్బులు తెలుస్తాయా?"

"కొంచెం తెలుసు. చెప్పు."

అటూ ఇటూ చూసి శాలువా పక్కకు తీసింది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది. పాలవాసన.

"నాకు పెల్లి కాలేదు మేడం. నాను ఏ తప్పూ సెయ్యలేదు. గుంట ఏడిస్తే సాలు, ఇలాగైపోతంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పట్టీ కట్టిన కొన్నాల్లకే. గుడ్డలు కట్టుకుంటన్నాను."

"ఆమని మేడంకి చెప్పలేదా?"

"ఎలా సెప్పను? అప్పకి తెలిస్తే సంపేస్తాది. ఊరోల్లకి తెలిస్తే నమ్ముతారేటి? మీరూ ఎవలికీ సెప్పకండి. ఒట్టెయ్యండి."

చెయ్యి చాపింది. తడి చెయ్యి. ఒట్టు వేశాను.

దారిలో ఆలోచిస్తుంటే అంతా అర్థమవసాగింది. పాలు పడమని ఒంటికి కబురు అందేది ఎక్కువగా నిద్రలోనే. నూకరత్నానికి నిద్ర అవసరమే పడటం లేదు. ఆమె బదులు పైడమ్మ నిద్రపోతోంది, చెక్కగోడ అవతల పాప ఏడుపు నిద్రలో వింటూ. పట్టీ ఒకవైపే పనిచేస్తుందని మేమంతా పాఠాల్లో చెప్పాం. అది అబద్ధం. ఇచ్చేవాళ్ళ నుంచి విశ్రాంతి వెళ్తోంది. పుచ్చుకునేవాళ్ళ నుంచి ఇంకేదో తిరిగి వస్తోంది. పైడమ్మ ఒళ్ళు తాను బాలింతననుకుంటోంది. కమిటీ నన్ను మూడుసార్లు అడిగిన ఆధారం ఇదే. ఆమని పరిశోధన నిలిచిపోవడానికి చాలినంత కారణమూ ఇదే.

ఇంటి మలుపు తిరిగాక గమనించాను. నేను ఈల వేస్తున్నాను.

నమోదు 6. మంచు దట్టం. వల పిండలేదు.

పొద్దున్నుంచీ మనసులో నివేదిక రాస్తున్నాను. ఎంత చక్కగా కుదురుతోందో. ఒక్క మాట తడబడటం లేదు. ఆ హాయి చూసే నాకు భయం వేసింది. పైడమ్మ కన్నీళ్ళ కంటే ఆమని ముఖం ఎలా వాడిపోతుందో అన్నదే నా కళ్ళ ముందు ఎక్కువసార్లు ఆడింది.

నరహరి గారి దగ్గరికి వెళ్ళాను. "నన్ను ఈ పని నుంచి తప్పించండి. నేను తగను" అన్నాను.

"ఎందుకని?"

"ఆమని అంటే నాకు అసూయ."

"తెలుసు" అన్నారాయన. టీ గ్లాసు వైపే చూస్తున్నారు.

"తెలిసి ఎలా వేశారండీ?"

"తెలిసే వేశాం. ఆమె స్నేహితులు చూసీ చూడనట్టు పోతారు. మీరు మంచం కింద కూడా వంగి చూస్తారు."

"ఇది న్యాయంగా ఉందా?"

"మీకు కాదు. అక్కడ పడుకునేవాళ్ళకి న్యాయమే." ఆయనే అడిగారు. "ఏమైనా కనబడిందా?"

"ఒట్టు వేశాను. చెప్పకూడదు."

"అయితే నా దగ్గరికి ఎందుకొచ్చారు? ఒట్టు వేయించుకున్న మనిషి దగ్గరికి వెళ్ళండి. త్వరగా వెళ్ళండి."

నా అసూయను కూడా ఒక పనిముట్టులా వాడుకున్నారు. బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కోపం తగ్గాక లేచాను.

నమోదు 7. అదే రోజు.

ఆసుపత్రి వెనక గుడ్డలు ఆరేసే చోట పైడమ్మ కనిపించింది. పట్టీ మానెయ్యమన్నాను. ఎందుకిలా అయిందో నాకు తెలిసినంత చెప్పాను. ఏ తప్పూ చేయలేదని, ఇది పట్టీ చేసిన పని అని రెండుసార్లు చెప్పాను. ఆమె ముఖంలో ఊరట కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు.

"మానేస్తే పాలు ఇంకిపోతాయా?"

"మెల్లగా ఇంకిపోతాయి."

"అయితే మానను."

"పైడమ్మా, నీ ఒంటికి మంచిది కాదు. అవతల మీ అప్పకి పాలు లేకుండా పోతున్నాయి."

"దానికేటి మేడం. దానికి మొగుడున్నాడు. ఇల్లుంది. సిన్నప్పట్నుంచీ కొత్త బట్టలన్నీ దానికే, విడిసినవి నాకు. గుంట ఒక్కర్తే నన్ను సూసి ఏడుపాపుతాది. పట్టీ ఒగ్గేస్తే అదీ నన్ను ఒగ్గేస్తాది."

ఉపన్యాసం ఇవ్వడం వచ్చు నాకు, ఇవ్వలేదు. ఉన్నమాట చెప్పాను. ఆమని నా దగ్గర చదువుకుందని, తనకు దక్కిందల్లా నాకు దక్కాల్సిందేనని అనిపిస్తుందని, నీ సంగతి తెలిసిన రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళానని.

ఆమె నన్ను కొత్తగా చూసింది. "ఆమని మేడం మంచోరు కదా."

"మంచిదే. అందుకే మరీ కష్టం."

పైడమ్మ నవ్వలేదు గానీ పెదవి కాస్త కదిలింది. ఆరేసిన గుడ్డ ఒకటి తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"మా అప్పా మంచిదే" అంది. తర్వాత అంది, "ఆమని మేడంకి సెప్పండి. పెద్దోల్ల మీటింగులో నా పేరు రాకూడదు. అప్పకి నానే సెప్తాను. మీరు పక్కనుండాల."

నమోదు 8. మంచు పలచన.

ఆమని గదిలోకి ఈ ఏడాదిలో మొదటిసారి వెళ్ళాను. చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చెప్పడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లతో రోజూ మాట్లాడాను మేడం. బాగున్నావా అంటే బాగున్నానంది. శాలువా చూశాను, చలి అనుకున్నాను."

"నిన్ను చూసి చెప్పలేకపోయింది. నువ్వు బాధపడతావని."

"మీతో ఎలా చెప్పింది?"

"నేను బాధపడే మనిషిలా కనిపించి ఉండను."

ఆమని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అడిగింది. "నేరుగా కమిటీకి చెప్పి ఉండొచ్చు కదా. నా పని అక్కడికక్కడే ఆగిపోయేది."

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలని చాలా అనిపించింది" అన్నాను. అంతకంటే శుభ్రమైన జవాబు నా దగ్గర లేదు.

ఆమె లేచింది. భోజనానికి కూడా ఆగలేదు. వార్డుకు వెళ్ళి దాతలందరి పట్టీలు తనే విప్పించింది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది. ఒక మేనత్తకు, ఒక అమ్మమ్మకు కూడా రొమ్ముల్లో సలుపు ఉందట. వయసు నొప్పులనుకున్నారట వాళ్ళు.

నమోదు 9. మంచు దట్టం. మూడు బిందెలు.

కమిటీ సమావేశంలో ఆమని నిలబడి, తన పరిశోధనలో పొరపాటు ఉందని, తనే ఆపేశానని చెప్పింది. ఎవరి పేరూ చెప్పలేదు. పైడమ్మ పేరు రాకూడదన్నది షరతు కాబట్టి, ఆ పొరపాటు మొదట ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అన్నదీ చెప్పలేకపోయింది. నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఆడించాను.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తన పని తనే ఆపుకున్న పరిశోధకురాలిని ఈ విశ్వవిద్యాలయం ఎప్పుడూ చూడలేదన్నారు. ఇదివరకు కళ్ళు తుడుచుకున్నాడన్న పెద్దమనిషి ఈసారి నిజంగానే తుడుచుకున్నాడు. నేను పక్కనే కూర్చుని చూశాను.

నేను కూడా చప్పట్లు కొట్టాను. అరచేతులు మండాయి. తప్పు చేస్తే పేరు, తప్పు దిద్దుకుంటే ఇంకా పెద్ద పేరు. ఈ పిల్ల పుట్టిన నక్షత్రం ఏమిటో కనుక్కోవాలి. వాకిట్లోకి వచ్చాక నరహరి గారు పక్కన నడుస్తూ, "మీ దరఖాస్తు నాలుగోసారి పంపండి" అన్నారు. నేను కృతజ్ఞతలు చెప్పలేదు.

నమోదు 10. మంచు పలచన.

ఇవాళ పైడమ్మ తన అప్పకు చెప్పింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తల దించుకునే అంతా చెప్పింది. నూకరత్నం బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వింది. విన్నాక బిడ్డను పక్క మీద పడుకోబెట్టింది. కొడుతుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"నా పాలు నా పక్కనే ఉండి పట్టుకుపోనావే" అంది. గొంతు పెద్దది చేయలేదు.

"నాకు తెలీదప్పా."

"తెలిసాకైనా సెప్పావేటి? నా గుంట నన్ను సూసి ఏడుస్తంటే, నాను ఏ పాపం సేసానో అని దేవుల్లందరికీ మొక్కుకున్నాను. నువ్వు శాలువా కప్పుకుని ఊరుకున్నావు."

పైడమ్మ ఏడ్చింది.

బిడ్డ లేచి గుక్కపట్టింది. నూకరత్నం రొమ్ముకు పెట్టుకుంది. పట్టీ తీసినా ఆమెకు పాలు పడటానికి ఇంకా కొంతకాలం పడుతుందని నేనే చెప్పాను. బిడ్డ లాగి లాగి వదిలేసింది. నర్సు డబ్బా తెచ్చింది. నూకరత్నం డబ్బా వైపు చూసింది, చెల్లెలి తడిసిన జాకెట్టు వైపు చూసింది. ఆమె దవడ బిగుసుకుంది. ఆ బిగువు ఎలా ఉంటుందో నాకు లోపలి నుంచి తెలుసు.

"రా. ఇలా కూకో" అంది.

పైడమ్మ మంచం అంచున కూర్చుంది. నూకరత్నం బిడ్డను తన చేతులతోనే ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, తల కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించింది. "మెడ జాగర్త" అంది. బిడ్డ పట్టింది. గదిలో గుటకల చప్పుడు తప్ప మరేదీ వినపడలేదు.

నూకరత్నం గోడ వైపు తిరిగి కూర్చుంది. కానీ ఒక చెయ్యి వెనక్కి చాపి బిడ్డ పాదం పట్టుకునే ఉంది. బిడ్డ తాగడం అయ్యేదాకా వదల్లేదు.

నమోదు 11. మంచు దట్టంగా ఉంది.

అనుమతి వచ్చింది. నిద్ర ఇచ్చినవాళ్ళకు ఏమవుతుందో నేను తెలుసుకోవచ్చు. రెండు షరతులు. మొదటిది, దాతలు తమంతట తాము ఒప్పుకోవాలి. రెండోది, పర్యవేక్షకురాలు ఆమని. ఆ రెండో వాక్యం చదివి కాఫీ పక్కన పెట్టేశాను. ఆమె నా మంచాల కిందకు వంగి చూడదు, చూడాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచదు అనుకున్నాను. ఆ తర్వాత పైడమ్మ శాలువా గుర్తొచ్చింది. ఈసారి చూస్తుంది.

మొట్టమొదట పైడమ్మనే అడిగాను. స్టేషన్లో పనిలో మళ్ళీ చేరింది. పని దిగి వచ్చాక బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఏం పరీక్షలు చేస్తామో, ఏవి కాదనొచ్చో, ఎప్పుడు మానేయొచ్చో చెప్పాను. కుర్చీ వెతుక్కోలేదు, ఆమె పక్కనే కూర్చున్నాను.

"పాలు తగ్గిపోతన్నాయి మేడం" అంది. "అప్పకి పడతన్నాయి. గుంట ఇప్పుడు దాని కాడికే ఎల్తంది."

"బెంగగా ఉందా?"

"ఉంది." తీగ మీద ఒక బండి మంచులోకి వెళ్ళి మాయమైంది. అది కనబడకుండా పోయేదాకా చూసింది. "పాలు ఇంకిపోతే, దాని మీద నాకున్న పేమ కూడా ఇంకిపోద్దా? అది పట్టీ పెట్టిందా, నాదా?"

"నాకు తెలియదు పైడమ్మా. నిజంగా తెలియదు. నేను తెలుసుకోవాలనుకునేది అదే."

ఆలోచించింది. "సరే. ఒప్పుకుంటన్నాను. ఒక మాట. తెలిసాక మొట్టమొదట నాకే సెప్పాల. పెద్దోల్ల మీటింగు కంటే ముందు. ఆమని మేడం కంటే ముందు."

"నీకే ముందు చెబుతాను" అన్నాను.

కమిటీ కంటే ముందు అన్నందుకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆమని కంటే ముందు అన్నందుకు కలిగింది గౌరవం కాదు. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.